కనబడని కొలువునకు సాక్షి యెవరు?

కొలువు అను మాట వినినంతనే మనకు సన్నిధి యను భావము తోచును. రాజు కొలువు తీఱెననగా, సేవకులెల్లరు ఆయన కన్నులయెదుట నిలిచిరని యర్థము. రాజులు పోయి కచేరీలు వచ్చెను; కచేరీలు పోయి ఆఫీసులు వచ్చెను. ఐనను ఉద్యోగమనగా నొకరి కంటియెదుట నుండుటయే యను తలంపు మాత్రము మనలను విడువలేదు. ఉదయము పదిగంటలకు హాజరుపట్టీలో సంతకము చేసి, సాయంకాలము వఱకు కుర్చీలో కనబడినవాడు పనిచేసినవాడే యని లోకము నమ్మును. అతడేమి చేసెనను ప్రశ్న తరువాతిది. పెక్కుచోట్ల ఆ ప్రశ్న పుట్టనే పుట్టదు.

ఇప్పుడు మన యిండ్లలోనికి వేఱొక విధమగు కొలువు ప్రవేశించినది. 2020 మార్చి 25వ తేదీనుండి దేశమంతటను రాకపోకలు నిలిచిపోయినప్పుడు హైదరాబాదు మొదలగు నగరములలోని సాఫ్టువేరు ఉద్యోగులు లాప్‌టాపులను చంకబెట్టుకొని యిండ్లకు చేరిరి. వ్యాధి తగ్గిన పిమ్మట పెక్కు కంపెనీలు వారిని మఱల పిలిచికొన్నవి. కాని ఆ వ్యాధికి ముందునుండియు ఆఫీసే లేకయో, ఉన్నను దానితో పని లేకయో నడచుచున్న కంపెనీలు కొన్ని గలవు. మన తెలుగు యువతీయువకులు అట్టివానిలోను చేరుచున్నారు. చేరగోరువారు మఱింత పెక్కురు. అట్టి కంపెనీలు కొన్ని తమ ప్రకటనలలో “మాది వేగముగ నడచు సంస్థ” అని వ్రాసికొనుచుండును. దూరము, వేగము అను నీ రెండును కలిసినచోట నొక ధర్మప్రశ్న పుట్టుచున్నది. చూచువాడు లేనిచోట పనికి సాక్షి యెవరు? దీనినే యిచ్చట విచారింపదలచితిని.

మొదట అట్టి సంస్థ యెట్లుండునో చూతము. 2005లో మాట్ ముల్లెన్‌వెగ్ అను నమెరికను యువకుడు ఆటోమాటిక్ అను కంపెనీని స్థాపించెను. వర్డ్‌ప్రెస్ అను పేర వెబ్‌సైటులను నడపుట దాని ముఖ్య వ్యాపారము. దానికి శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున విశాలమైన ఆఫీసొకటి యుండెను గాని, ఉద్యోగులు తమతమ యూళ్లలోనే పనిచేయుచు నచ్చటికి వచ్చుట మానినందున 2017లో దానిని మూసివేసిరి. ఇక గిట్‌ల్యాబు అను కంపెనీ చరిత్ర మఱింత చిత్రమైనది. 2011లో డిమిత్రి జపొరోజెట్స్ అను నుక్రెయిను యువకుడు నీటికొళాయి లేని యింట నివసించుచు, ఊరిబావినుండి నీళ్లు మోసికొనుచుండెనట. ప్రోగ్రాములు వ్రాయువారు పదుగురు కలిసి పనిచేయుటకు మంచి సాధనము లేకపోవుట, తనకు నీళ్లు లేకపోవుటకన్న పెద్ద కొఱతయని తలచి దానిని నిర్మింప మొదలిడెనని ఆ సంస్థ చెప్పుకొనును. నెదర్లాండ్సులోని సిడ్ సీబ్రాండి యను నతడు దూరమునుండియే ఆ పనిని చూచి, దానిని వ్యాపారముగ నడపబూనెను. 2014లో కంపెనీ యేర్పడినది; 2021 అక్టోబరులో దాని వాటాలు అమెరికాలోని నాస్‌డాక్ బజారున అమ్మకమునకు వచ్చినవి. వేఱువేఱు దేశములలోనుండి మొదలిడినవారు కనుక, ఒకరి ముఖమొకరు చూడకయే పనిచేయుట వారికి నిర్బంధముగ వచ్చినది కాదు, పుట్టుకతో వచ్చినది.

ఇట్టిచోట వేగమనగా నేమి? మనవారు దీనిని తొందరయని యెంచుదురు. రెండును ఒకటి కావు. బండి యెంత వడిగ పరుగెత్తినను దారిలోని ప్రతి గేటువద్దను నిలిచినచో ఆలస్యమే గదా. ఆఫీసులలో కాలము పనియందుకన్న నెదురుచూచుటయందే యెక్కువగ వ్యయమగును. ఒక కాగితము పైయధికారి బల్లమీద మూడు దినములు పడియుండును. ఆయన సంతకమునకు పట్టునది అర నిమిషము. ఈ యెదురుచూపును తగ్గించుటయే నిజమైన వేగము. హైదరాబాదునకును శాన్‌ఫ్రాన్సిస్కోకును నడుమ వేసవిలో పండ్రెండున్నర గంటలును, శీతకాలమున పదుమూడున్నర గంటలును భేదము గలదు. ఇచ్చట నొకడు సందేహము కలిగి యడిగినచో నచ్చటివాడు నిద్రలో నుండును. వాడు బదులు చెప్పునప్పటికి వీడు నిద్రలో నుండును. ఒక చిన్న ప్రశ్న ఒక దినమును మ్రింగివేయును. కావున అడుగకయే తెలిసికొనునట్లు సర్వమును వ్రాసియుంచవలెను. గిట్‌ల్యాబువారు తమ పద్ధతులన్నిటిని ఒక కరదీపికగ వ్రాసి ఇంటర్నెట్టులో లోకమంతయు చదువునట్లుంచిరి. దానిని అచ్చొత్తినచో వేలకొలది పుటలగును. ఏ పనికి ఎవడు బాధ్యుడు, ఏ నిర్ణయము ఏల జరిగెను, సెలవు పెట్టుట యెట్లు అనునవి యన్నియు అందు గలవు. ఒకరి పనిలో నింకొకరు సవరణ చెప్పినచో నొచ్చుకొనరాదని చెప్పుటకు, తమవారి కాలివ్రేళ్లు పొట్టివనియు, త్రొక్కుదుమేమోయని జంకనక్కఱలేదనియు అందొక చమత్కారమును గలదు.

దీనినిబట్టి యొక సంగతి తేలుచున్నది. కన్ను చేయుచుండిన పనిని ఇచ్చట అక్షరము చేయుచున్నది. అక్షరము సత్యమైననే ఆ పని సాగును. ఎదుట నున్నవాని అబద్ధము ముఖమున గొంత బయటపడును. వ్రాతలోని యబద్ధము పదిమంది దానిపై కట్టిన తరువాతగాని బయటపడదు. కావున దూరపు కొలువునందు సత్యము అలంకారము గాదు. అది గోడకు పునాది వంటిది.

ఇందుకొక నిదర్శనము. 2017 జనవరి 31వ తేదీన గిట్‌ల్యాబులో నొక ఇంజనీరు పొద్దుపోయిన వేళ పనిచేయుచు, ఖాళీ చేయవలసిన సర్వరు ఇదియేయని భ్రమపడి, నడచుచున్న ముఖ్య సర్వరులోని దత్తాంశమును చెఱిపివేసెను. ఒకటి రెండు క్షణములలోనే యెఱిగి యాపెను గాని, అప్పటికే మూడువందల గిగాబైట్లలో నాలుగున్నర మాత్రము మిగిలినది. ఇట్టి యాపదకై యుంచిన ప్రతులను తీసి చూడగా ఒక్కొక్క యేర్పాటును పనిచేయుట లేదని బయటపడినది. ఆఱు గంటల క్రిందట వేఱొక పనికై తీసిన ప్రతి యొకటి దొరకుటచే ఆఱు గంటల దత్తాంశము మాత్రమే నష్టమై, తక్కినది దక్కినది. ఇంతవఱకు ఏ కంపెనీలోనైనను జరుగదగినదే. తరువాత వారు చేసినది విశేషము. తాము చేయుచున్న మరమ్మతు వివరములను ఎప్పటికప్పుడు లోకము చదువునట్లు వ్రాసిరి, మరమ్మతును యూట్యూబులో ప్రత్యక్షముగ జూపిరి, వేలమంది చూచిరి. ఆ యింజనీరును కొలువునుండి తొలగింపమనియు చెప్పిరి. తమ ప్రతులు పనిచేయుచున్నవో లేదో పరీక్షించు బాధ్యత ఎవరికిని అప్పగింపకపోవుట సంస్థ లోపమని తరువాతి వివరణమున ఒప్పుకొనిరి.

ఇది మెచ్చుకొనుటకు చెప్పిన కథ కాదు; కారణమును తెలిసికొనుటకు చెప్పినది. తప్పునకు శిక్ష తప్పదనినచోట మనుష్యుడు తప్పు మానడు, తప్పును దాచును. అందఱును ఒక గదిలో నున్నచో దాచిన తప్పు మఱునాటికైన బయటపడును. ఒక్కొక్కడు ఒక్కొక్క యూర నున్నచో అది నెలలకొలది దాగియుండి, చివరకు అందఱిని ముంచును. కావున దూరమున వేగముగ నడువదలచిన సంస్థ తప్పు చెప్పినవానికి అభయమీయవలెను. అభయము లేని వేగము తొందరయే.

“ఇదంతయు బాగుగనే యున్నది, కాని చూచువాడు లేనిదే మనుష్యుడు పనిచేయునా?” యని పెద్దలందురు. ఈ సందేహమునకు అనుభవమువలన జవాబు దొరకినది. చైనాలోని షాంఘై నగరమున సీట్రిప్ అను ప్రయాణపు టిక్కెట్ల కంపెనీలో 2010 చివరనుండి తొమ్మిది నెలలపాటు స్టాన్‌ఫర్డు ఆచార్యుడగు నికొలస్ బ్లూమ్ మొదలగువారు ఒక పరీక్ష జరిపిరి. ఇంటినుండి పనిచేయగోరినవారిలో, పుట్టిన తేదీ సరిసంఖ్య యైనవారిని వారమునకు నాలుగు దినములు ఇంటనుండనిచ్చిరి. బేసిసంఖ్య వారిని ఆఫీసులోనే యుంచిరి. ఇంటనున్నవారి పని నూటికి పదుమూడు పాళ్లు పెరిగినది. కొలువు మానివేయువారి సంఖ్య సగమునకు తగ్గినది. కాని నాణెమునకు రెండవ ముఖమును చూడవలెను. చేసిన పనికి తగిన పదోన్నతి ఇంటనున్నవారికి తక్కువగ లభించినది. పరీక్ష ముగిసిన పిమ్మట వారిలో రమారమి సగముమంది ఒంటరితనము భరింపలేక ఆఫీసునకే మరలిరి. కావున చూచువాడు లేనిచో పని చెడునను మాట నిజము కాదు. చూచువాడు లేనిచో మనుష్యుడు మఱవబడుననునది నిజము.

పెద్దల సందేహమునే పట్టుకొని కొన్ని కంపెనీలు వేఱొక యుపాయము పన్నినవి. ఉద్యోగి కంప్యూటరు తెఱను మాటిమాటికి ఫోటో తీయుట, మీటలెన్ని నొక్కెనో లెక్కించుట, మౌసు కదలుచున్నదా లేదాయని కనిపెట్టుట మొదలైనవి. దీనికి ప్రతిగ ఉద్యోగులు మౌసును తనంతట తానే కదల్చు చిన్న యంత్రములను కొనుచున్నారు. 2024లో అమెరికాలోని ఒక పెద్ద బ్యాంకు, మీటలు నొక్కుచున్నట్లు నటించిన పదిమందికి పైగ ఉద్యోగులను తొలగించినది. బడిపంతులుగా నాకీ వ్యవహారము క్రొత్తగ తోచలేదు. పిల్లల పెదవులు కదలుచున్నవా లేదా యని మాత్రమే చూచు పంతులున్న తరగతిలో, వెనుకబల్లవారు ఏమియు చదువకయే పెదవులు కదల్చుట నేర్తురు. పాఠమడుగువాడు పెదవులను చూడనక్కఱలేదు. చేసిన పనిని చూడలేని యజమానుడే చేతుల కదలికను చూచును. ఆ యంత్రమును కొనినవాని దోషము దోషమే. కాని కదలికకు వెల గట్టినవాడు ఆ దోషమునకు బీజము వేసినవాడు.

ఇక నసలు ప్రశ్నకు వత్తము. మహాభారతము ఆదిపర్వమున శకుంతల దుష్యంతుని సభలో నిలిచి, ఎవరును చూడలేదని తలపవలదనియు, సూర్యచంద్రులును వాయువును అగ్నియు మనుష్యుని హృదయమును అతని నడతకు సాక్షులనియు హెచ్చరించినది. ఆ కథను మనమందఱము బీదలకును సేవకులకును నీతిగ బోధించుచుందుము. కాని ఆ హెచ్చరిక ఎవరికి జేయబడెను? బలవంతునకు. మాట యిచ్చినవాడు రాజు; సాక్షి లేడని కాదన్నవాడును రాజే. కావున “చూచువాడు లేడు, ఉద్యోగి మోసగించునేమో” యని మాత్రమే యడుగుట సగము ధర్మము. “చూచువాడు లేడు, యజమానుడు మాట తప్పునేమో” యనియు నడుగవలెను. జీతమెంత, గంటలెన్ని, తొలగించునప్పుడు ఎన్ని దినముల ముందు తెలుపవలెను అనునవి వ్రాతలో లేనిచో, ఏడు సముద్రముల కావలనున్న ఉద్యోగి యే సభకు పోయి మొఱపెట్టుకొనగలడు?

ఈ రెండు ధర్మములును మొట్టమొదట పరీక్షింపబడు స్థలము ఇంటర్వ్యూ. దానిని మనవారు ఒకవైపు పరీక్షగ నెంచి భయపడుదురు. అది పెండ్లిచూపుల వంటిది, ఇరుపక్షములును చూడవలసినదే. ఆటోమాటిక్ కంపెనీ ఇందొక మేలైన పద్ధతి నవలంబించినది. అభ్యర్థి ముఖమును గాని కంఠమును గాని పరీక్షింపక, వ్రాతలోనే సంభాషించుచు వచ్చినది. తరువాత కొన్ని వారములు నిజమైన పనినే యిచ్చి చూచినది. ఆ పనికి, ఏ హోదా కోరినవారికైనను, గంటకు ఇరువదియైదు డాలర్ల చొప్పున కూలి యిచ్చుచుంటిమని ముల్లెన్‌వెగ్ 2014లో వ్రాసెను. ఉన్న యుద్యోగమును మానకయే రాత్రులయందును సెలవు దినములయందును ఆ పని చేయుట కవకాశమిచ్చిరి. దూరపు కొలువునకు కావలసిన గుణము చక్కగ వ్రాయుటయు, చెప్పిన పని చేయుటయునే యైనప్పుడు, వానినే పరీక్షించుట న్యాయము. దీనికి భిన్నముగ, కొన్నిచోట్ల అభ్యర్థులచే మూడు నాలుగు దినముల పనిని పరీక్ష యను పేర నుచితముగ చేయించుకొని, తరువాత ఒక్క మాటైనను బదులు వ్రాయని కంపెనీలు గలవు. కూలి యెగవేయుట పొలములోనైన దోషమే, తెఱమీదనైన దోషమే. పనిని పరీక్షించునాడే కూలి యెగవేసినవాడు, పని యిచ్చిన తరువాత న్యాయము చేయునని నమ్ముట యెట్లు?

అభ్యర్థి ధర్మమును విడిచిపెట్టరాదు. ఒకడు కెమెరా ముందు పెదవులు కదల్చుచుండ, తెఱవెనుక వేఱొకడు జవాబులు చెప్పుట. ఒకడు పరీక్షకు గూర్చుండి, కొలువున వేఱొకడు చేరుట. కృత్రిమ మేధ యందించిన జవాబును తనదిగ జదువుట మొదలగునవి ఇప్పుడు జరుగుచున్నవి. మార్చిన ముఖముతోను మార్చిన కంఠముతోను దూరపు కొలువులకై ఇంటర్వ్యూలకు వచ్చువారున్నారని అమెరికా నేరపరిశోధక సంస్థ యగు ఎఫ్.బి.ఐ. 2022 జూనులో ప్రజలను హెచ్చరించినది. ఈ మోసము ఒక్క కంపెనీని మాత్రమే చెఱుపదు. ఒక యూరివాడు మోసగించినచో తరువాత ఆ యూరినుండి వచ్చిన పదిమంది నిజాయితీపరుల ముఖములను యజమానుడు అనుమానముతో జూచును. తన తోటివారి నమ్మకమును దొంగిలించినవానికి తాను దొంగిలించినది కనబడదు.

ఈ మోసమునకు వేరు మన చదువులలోనే గలదు. “తెలియదు” అను మాట చెప్పిన పిల్లవానిని నిలువబెట్టుదుము. తెలియకున్నను తెలిసినట్లు గడగడ వల్లించినవానిని మెచ్చుకొందుము. పదునాఱేండ్లు ఇట్లు పెరిగినవాడు ఇంటర్వ్యూలో “ఈ సంగతి నే నెఱుగను, కాని ఇట్లు తెలిసికొందును” అని చెప్పగలడా? దూరపు కొలువున అన్నిటికన్న విలువైన వాక్యమది. తెలియదని మొదటి గంటలో వ్రాసినవానికి సహాయము మఱునాటికి వచ్చును. తెలిసినట్లు నటించినవాడు వారము తరువాత బట్టబయలగును. ఆ వారము పదుగురిదియు నష్టమగును. కావున తలిదండ్రులును పంతుళ్లును పిల్లలచే ఈ మాట జంకులేకుండ చెప్పించుట నేర్పినచో, ఇంటర్వ్యూకు నేర్పవలసిన దానిలో సగము నేర్పినట్లే.

అభ్యర్థులు అడుగవలసిన ప్రశ్నలును గొన్ని గలవు. మా యూరి రాత్రి యెన్ని గంటలు మీ పగటితో కలిసియుండవలెను? నిర్ణయములు వ్రాయబడునా, మాటలలోనే పోవునా? క్రొత్తగ చేరినవానికి మొదటి నెల దారిచూపువా రెవరు? అన్నిటికన్న ముఖ్యమైనది, మీ సంస్థలో కడపట నొకడు పెద్ద తప్పు చేసినప్పుడు ఏమి జరిగెను? ఈ ప్రశ్నకు వచ్చు జవాబునుబట్టి ఆ సంస్థ వేగముగ నడచునదో, తొందరలో మనుష్యులను నలుపునదో తెలియును. తడబాటు లేక ఆ కథ చెప్పగలిగినచో అచ్చట అభయము గలదు. “మాయందు తప్పులే జరుగవు” అనినచో అచ్చట తప్పులు దాగియున్నవని యెఱుగవలెను.

ఇక గృహస్థులకొక మాట. ఈ కొలువు మన యింటిలోనే జరుగుచున్నది గావున మన ధర్మమును ఇందు చేరియున్నది. కుమారుడు తలుపు వేసికొని ఫోనులో మాట్లాడుచున్నచో, “వాడు పనిలో నున్నాడు, సద్దు చేయకుడు” అని యిల్లంతయు ఊపిరి బిగబట్టుకొనును. కోడలు అదే పని, అదే జీతమునకు చేయుచున్నను, “అమ్మాయీ, ఇంటనే యున్నావు గదా, కాస్త కాఫీ కలిపి యిచ్చి పొమ్ము” అందుము. ఇంటర్వ్యూ జరుగుచుండగ తలుపు తట్టి పాలవాని లెక్క యడుగువారును గలరు. స్త్రీ యింటనుండుటయే తీరికయని తలచిన పాత యన్యాయము క్రొత్త కొలువులోనికి ఇట్లు నడచివచ్చినది. స్త్రీవిద్యను కోరినవారము మనము. ఆ విద్యతో సంపాదించిన కొలువునకు ఒక తలుపును, ఒక బల్లను, అంతరాయము లేని నాలుగు గంటలను ఇయ్యలేకపోయినచో మన సంస్కరణము ఉపన్యాసముతోనే నిలిచిపోయినట్లు. అత్తగారు చూడకున్నను కోడలు పనిచేయుచున్నదని నమ్ముటయు, ఈ వ్యాసమున జెప్పిన నమ్మకములోనిదే.

పనికి ఆరంభమున్నట్లే యంతమును ఉండవలెను. ఆఫీసునుండి వచ్చినవాడు చెప్పులు విడిచి కాళ్లు కడుగుకొనగనే కొలువు ముగిసెడిది. ఇప్పుడు మంచముప్రక్కన ఫోను మ్రోగుచున్నంతవఱకు కొలువు ముగియదు. పనివేళలు దాటినపిమ్మట సందేశములనుండి విముక్తి పొందు హక్కును ఫ్రాన్సు దేశము 2017 జనవరి 1వ తేదీనుండి చట్టమున జేర్చినది. పోర్చుగలు 2021లోను, ఆస్ట్రేలియా 2024లోను ఇట్టి నియమములు చేసినవి. చట్టము దూరమున నున్నను యింటి నియమము మన చేతిలోనిదే. రాత్రి భోజనమువేళ తెఱ మూయుట సోమరితనము గాదు. ఒంటరితనమువలన సగముమంది ఆఫీసునకు మరలిరని పైని చెప్పితిని. ఇంటివారి మాటయు, పొరుగువారి పలకరింపును ఉద్యోగికి జీతములో చేరని జీవనము.

ఈ కొలువు అందఱికిని లభించునది కాదు. తాపీపనివానికి, దాదికి, బండి తోలువానికి ఇంటనుండి పనిచేయు భాగ్యము లేదు. కాని కన్నులకు కనబడుటయే పని యను భ్రమ తొలగినచో వారికిని మేలే. ఏ పనినైనను చేసిన ఫలమునుబట్టి గౌరవింప నేర్చినవాడు, ఎండలో నిలిచినవానిని, నిలువలేక నీడన గూర్చున్న క్షణమునకై దూషింపడు.

కనబడని కొలువునకు సాక్షులు ఇద్దఱు: దాపఱికము లేని వ్రాత, దానిని వ్రాసిన మనుష్యుని యంతఃకరణము. యజమానుడును ఉద్యోగియు ఈ యిద్దఱికిని సమముగ లోబడినచోట మూడవ కన్నుతో పనిలేదు. వారిలో నొకరు లోబడనిచోట వేయి కన్నులు పెట్టినను చాలవు.